పేర్‌పెర్త్యూజ్ కోట గురించి పెదనాన్నగారికి

తులూజ్,
ఆదివారం

పెదనాన్నగారికి,

నమస్కారాలు. ఇక్కడ అందరం బాగున్నాం. మీ మోకాళ్ల నొప్పి కాస్త తగ్గిందని అమ్మ చెప్పింది, సంతోషం. ఫోన్‌లో మాట్లాడదామంటే సగంలోనే ఎవరో ఒకరు లాగేసుకుంటారు. ఈ సంగతి మీకు తీరిగ్గా చెప్పాలి కాబట్టి ఉత్తరమే రాస్తున్నాను.

నిన్న పేర్‌పెర్త్యూజ్ అనే గిరిదుర్గం చూసొచ్చాం. ఫ్రాన్స్‌కి దక్షిణపు కొసన, కోర్బియేర్ కొండల్లో ఉంది. దుయ్యాక్ అనే చిన్న ఊరు దాటి తలెత్తితే, దాదాపు 800 మీటర్ల ఎత్తున కత్తి అంచులా సాగిన సున్నపురాయి గుట్ట. రాయీ గోడా ఒకే రంగు కావడంతో కాసేపటిదాకా కోట ఎక్కడుందో తెలియలేదు. తెలిశాక మాత్రం ఇక కళ్లు తిప్పుకోలేం. గుట్ట పొడవునా సుమారు 300 మీటర్లు అదే కోట!

కారు ఆపిన చోటు నుంచి ఉత్తరం వైపు పొదల్లోంచి కాలిబాట. గాలి మామూలుగా లేదు, పిల్లల చేతులు వదల్లేదు. పిడుగుల భయంతో ఉరుములు మెరుపుల రోజున పైకి పంపరట.

కోట మూడు భాగాలు. తూర్పున కింది కోట, అదే పాతది. గుట్ట సన్నబడే కొద్దీ గోడలూ దగ్గరికొచ్చి చివర మూలగా కలుస్తాయి. అందులో పాత బురుజు, దాన్ని ఆనుకుని 12వ శతాబ్దపు సెయింట్ మేరీ చర్చి. పైకప్పు లేదు గానీ గర్భగుడి వైపు అర్ధచంద్రాకారపు గోడ చెక్కుచెదరలేదు. నడుమ ఖాళీ ఆవరణ. పడమట అన్నిటికన్నా ఎత్తైన బండ మీద సాన్ జోర్డి అనే పై కోట, అందులో ఇంకో చిన్న ప్రార్థన మందిరం.

గోడలు ఎక్కడ కట్టారో గమనిస్తే ఆ మేస్త్రీల బుర్ర తెలుస్తుంది. దక్షిణాన నిట్టనిలువు చరియ, అక్కడ గోడతో పెద్దగా పని లేదు. మనిషి ఎక్కిరాగల ఉత్తరం వైపే ఎత్తు గోడ, బురుజులు పెట్టారు. బాణాలు వేసే రంధ్రం ఒకటి దగ్గరగా చూశాను. బయటి నుంచి చెయ్యి పట్టేంత సందు, లోపల మాత్రం విలుకాడు అటూ ఇటూ జరిగేంత వెడల్పు. నీటికి వాన తొట్లే ఆధారం. మన కొండవీడు మీద చెరువులే ఉన్నాయి కదా, ఇక్కడ ఆ భాగ్యం లేదు.

ఇక మీకు చెప్పాలనుకున్న అసలు సంగతి. ఇక్కడ అందరూ దీన్ని కాథార్ల కోట అంటారు. కాథార్లంటే ఆ కాలంలో ఈ ప్రాంతంలో బలపడిన క్రైస్తవ శాఖ. కంటికి కనిపించే ఈ లోకం మంచి దేవుడి సృష్టి కాదని నమ్మేవారు. రోము చర్చి వాళ్లను మతద్రోహులంది. 1209లో వాళ్ల మీద పోపు పంపిన సైన్యం దిగింది, బెజియే పట్టణంలో ఊచకోత జరిగింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి యుద్ధమే.

అయితే ఈ కోట వాళ్లు కట్టింది కాదు. 1070 నాటికే దీని పేరు వినిపిస్తుంది. అప్పుడిది బెసాలూ ప్రభువులది, అంటే ఇప్పటి స్పెయిన్ ఈశాన్య మూలనున్న కాటలాన్ వాళ్లది. 1240లో త్రాంకవెల్ వంశపు రేమండ్ తన తాతముత్తాతల కార్కసోన్ నగరాన్ని ఫ్రాన్స్ రాజు చేతిలోంచి తిరిగి గెలవబోయి ఓడిపోయాడు. ఆ నవంబరులోనే పేర్‌పెర్త్యూజ్ ప్రభువు గియోమ్ కోటను ఫ్రాన్స్ రాజు సైన్యానికి అప్పగించేశాడు. 1242లో తొమ్మిదో లూయీ రాజు పై బండకు మెట్లు తొలిపించమన్నాడు. సాన్ జోర్డి ఆ తర్వాతి కట్టడమే. కాబట్టి ఇప్పుడు మనం నోరెళ్లబెట్టి చూసే గోడల్లో ఎక్కువ భాగం కాథార్లను అణిచిన రాజులు కట్టినవి. ఓడిన వాళ్ల పేరు పెట్టి గెలిచిన వాళ్ల గోడలు చూపించడం నాకు నచ్చలేదు. చనిపోయిన వాళ్లను తలుచుకోవాలి, సరే. కానీ ఎవరు ఏం కట్టారో పిల్లలకు సరిగ్గా చెప్పాలి కదా. మీరైతే క్లాసులో ముందు ఇదే చెప్పేవారు.

ఆ మెట్లు ఎక్కాం. ఉత్తరపు చరియ మీద బండనే తొలిచారు, అరవై దాకా ఉంటాయి. అంచులు అరిగి నున్నగా జారుతున్నాయి. అంత ఖర్చు ఎందుకంటే, అవతల ఆరగాన్ రాజ్యం (ఇప్పుడు స్పెయిన్‌లో భాగం), ఇది సరిహద్దు. 1258లో ఫ్రాన్స్, ఆరగాన్ రాజులు కోర్బేయ్‌లో ఒప్పందం చేసుకున్నారు. సరిహద్దు ఈ కొండలకు కాస్త దక్షిణంగా వచ్చింది. పేర్‌పెర్త్యూజ్, కేరిబూస్, ప్విలోరాన్స్, తెర్మ్, అగిలార్ అనే అయిదు కోటలూ కాపలాకు నిలబడ్డాయి. కార్కసోన్ అయిదుగురు కొడుకులని పేరు. ఎదుటి శిఖరం మీద కేరిబూస్ స్పష్టంగా కనిపించింది.

1659లో పిరెనీస్ ఒప్పందంతో రుసియోన్ ప్రాంతం ఫ్రాన్స్ చేతికొచ్చింది, సరిహద్దు దక్షిణానికి జరిగిపోయింది. అంతే, కోటకు పని లేకుండా పోయింది. ఫ్రెంచి విప్లవం దాకా కొద్దిమంది సైనికులు ఉన్నారు, తర్వాత వాళ్లూ దిగిపోయారు. ఎవరూ కూల్చలేదు. ఎండా వానా గాలీ మెల్లమెల్లగా కూల్చాయి.

ఫొటోలు చెల్లికి పంపాను, పెద్ద స్క్రీన్ మీద చూపించమనండి. మూడు భాగాల పటం నేనే గీసి ఇందులో పెట్టాను. కొండవీట్లో కూడా కొండ ఏటవాలుగా ఉన్న వైపే గోడలు ఎత్తుగా, గట్టిగా కట్టారా? చిన్నప్పుడు మీరు తీసుకెళ్లినప్పుడు ఇది చూడాలని తెలియలేదు. మీకు గుర్తున్నంత వరకు అలాంటి పటమే గీసి పంపండి. సంక్రాంతికి వచ్చినప్పుడు ఘాట్ రోడ్డులో కారు మీదే పైకి వెళ్దాం, మీ మోకాళ్లకు శ్రమ ఉండదు.

పెద్దమ్మకు నమస్కారాలు చెప్పండి.

మీ చిన్నోడు