వ్యాసరచన పోటీ పెట్టేవాళ్లు అంశంతో పాటు అంకెల కాగితమూ ఇవ్వాలి

సంపాదకులకు,

నమస్కారం. బడ్జెట్ సమావేశాలు దగ్గరపడుతుంటే కాలేజీల్లో ప్రభుత్వ విధానాల మీద వ్యాసరచన పోటీలు మొదలవుతాయి. పిల్లలు ఈ విషయాల మీద రాయడం ఎంతో అవసరం. కానీ నోటీసు బోర్డు మీద అంటించే అంశాలు చూస్తే బాధేస్తుంది. ‘దేశాభివృద్ధిలో యువత పాత్ర’, ‘ఉచిత పథకాలు: లాభనష్టాలు’. ఏమీ చదవకుండానే వీటి మీద నాలుగు పేజీలు నింపేయొచ్చు, అలాగే నింపుతున్నారు. సూక్తితో ఎత్తుగడ, మధ్యలో పథకాల పేర్ల చిట్టా, చివర ‘అందరం కలిసి కృషి చేయాలి’. కట్టలో ఏ కాగితం తీసినా ఇదే వరస. ఈ తప్పు పిల్లలది కాదు, అంశం పెట్టినవాళ్లది.

అంశంలో తేల్చుకోవాల్సిన నిర్ణయం ఒకటి ఉండాలి. ఆర్టీసీ బస్సుల్లో మహిళల ఉచిత ప్రయాణమే తీసుకోండి. తెలంగాణలో 2023 డిసెంబర్ 9న, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న మొదలైంది. ‘ఇది మంచిదా, చెడ్డదా’ అని అడిగితే ఇంట్లో విన్న రాజకీయమే కాగితం మీదకు వస్తుంది. ‘వచ్చే ఏడాది రవాణాకు అదనంగా ఇవ్వగలిగిన సొమ్ముతో ఉచిత ప్రయాణాన్ని మరిన్ని రకాల బస్సులకు పెంచాలా, పల్లె రూట్లకు కొత్త బస్సులు కొనాలా?’ అని అడిగి చూడండి. విద్యార్థి ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు, వదులుకున్నదాని సంగతీ చెప్పక తప్పదు. అర్థశాస్త్రం మొదలయ్యేది అక్కడే.

ఇలాంటి అంశానికి సాక్ష్యం బస్టాండులోనే దొరుకుతుంది. కండక్టర్ కొట్టే జీరో టికెట్‌కు ప్రయాణికురాలు డబ్బు ఇవ్వదు. కానీ ఆ టికెట్ లెక్కలోకి వెళ్తుంది, ప్రభుత్వం ఆర్టీసీకి చెల్లించాల్సిన సొమ్ము తేలేది ఆ లెక్కను బట్టే. ఒక విద్యార్థిని మండల కేంద్రంలో ఉదయం ఒక గంట నిలబడి, ఎన్ని పల్లెవెలుగులు వచ్చాయి, ఎన్నిట్లో జనం నిలబడి ఉన్నారు, దిగిన ఆడవాళ్లలో కాలేజీకి, పనికి, ఆస్పత్రికి, సంతకు వచ్చినవాళ్లు ఎందరు అని రాసుకుంటే చాలు. పక్కన షేర్ ఆటో స్టాండులో గిరాకీ సంగతి కూడా అడగాలి. ఆ గంటలో రాసుకున్న లెక్క పది సూక్తుల పెట్టు. ఒక్క గంట, ఒక్క చోటు లెక్కతో రాష్ట్రమంతటినీ తేల్చేయకూడదని కూడా ఆమె వ్యాసంలో ఒప్పుకోవాలి. అలా ఒప్పుకున్నందుకు మార్కులు పెరగాలి.

ఇక అంకెల కాగితం. అంశంతో పాటు రెండు పేజీలు అచ్చు వేసి అందరికీ ఒకేలా ఇవ్వండి. రాష్ట్ర ‘బడ్జెట్ ఇన్ బ్రీఫ్’, ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే కాగ్ నెలవారీ లెక్కలు, రాష్ట్రాల ఆర్థిక పరిస్థితిపై రిజర్వ్ బ్యాంక్ ఏటా తెచ్చే నివేదిక, ఈ మూడూ ఇంటర్నెట్‌లో ఉచితంగానే ఉన్నాయి. బడ్జెట్ పుస్తకంలో ఒకే పద్దుకు బడ్జెట్ అంచనా, సవరించిన అంచనా, వాస్తవ వ్యయం అని వేర్వేరు అంకెలుంటాయి. పిల్లలు ఎక్కువగా పడిపోయేది ఇక్కడే: నిరుడు నిజంగా అయిన ఖర్చును ఈ ఏడాది అంచనాతో పోల్చి, కేటాయింపు ఎంతో పెరిగిందని రాస్తారు. అంచనాను అంచనాతో, వాస్తవాన్ని వాస్తవంతో పోల్చాలని కాగితం పైనే రాసి పెట్టండి. వెనక పేజీలో మాటల అర్థాలు ఇవ్వండి. ద్రవ్య లోటు అంటే స్థూలంగా ఈ ఏడాది తేవాల్సిన అప్పు, మొత్తం అప్పు అంటే ఇన్నేళ్లుగా పేరుకున్నది. ప్రభుత్వ పూచీతో కార్పొరేషన్లు తెచ్చిన రుణాలను కలిపితే ఒక అంకె, కలపకపోతే ఇంకో అంకె వస్తుంది. అప్పు మీద వాదనలు సగం అందుకే తెగవు.

కేంద్ర పన్నుల వాటా సంగతీ ఇలాంటిదే. కేంద్ర పన్నుల్లో రాష్ట్రాలకు ఎంత ఇవ్వాలో సిఫార్సు చేసేది ఆర్థిక సంఘం. 14వ సంఘం 42 శాతం అంటే 15వ సంఘం 41 అంది. ‘రాష్ట్రాలకు కోత’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. తగ్గిన ఆ ఒక్క శాతం కేంద్రపాలిత ప్రాంతాలుగా మారిన జమ్మూకశ్మీర్, లద్దాఖ్‌ల కోసం పక్కన పెట్టింది. అసలు చూడాల్సినవి వేరే ఉన్నాయి. 41 శాతం లెక్క విభజించదగిన నిధికే, అంటే కేంద్రం రాష్ట్రాలతో పంచుకోవాల్సిన పన్నుల మొత్తానికే వర్తిస్తుంది, సెస్సులు, సర్‌చార్జీలు అందులోకి రావు. పైగా రాష్ట్రాలన్నిటికీ కలిపి వచ్చే ఆ సొమ్ములో, 15వ సంఘం 2021–26కు వేసిన లెక్క ప్రకారం, తెలంగాణ వాటా 2.437 నుంచి 2.102 శాతానికి, ఆంధ్రప్రదేశ్ వాటా 4.305 నుంచి 4.047 శాతానికి తగ్గింది. ఈ నాలుగు అంకెలూ ముందుంటే ఇంటర్ విద్యార్థి కూడా మంచి ప్రశ్న వేయగలడు.

నిర్వహణ కష్టమేమీ కాదు. అంశం, కాగితం నాలుగు వారాల ముందు ఇవ్వాలి. రాయించడం మాత్రం హాల్లోనే, గంటన్నర, 800 మాటలకు మించకుండా. ఇంటి దగ్గర రాసి తెమ్మంటే ఫోన్ రాసిచ్చిన వ్యాసాలే వస్తాయి. వందకు 40 మార్కులు వాదనకు, 30 ఆధారాలకు, 20 ఎదుటి వాదనకు ఇచ్చిన జవాబుకు, 10 భాషకు పెట్టండి. చేతిరాతకు మార్కులు వద్దు. పేరు, కాలేజీ కనబడకుండా కోడ్ నంబరు వేసి ఇద్దరు విడివిడిగా దిద్దాలి, 15 మార్కులకు మించి తేడా వస్తే మూడో వ్యక్తి చూడాలి. ఆ ఇద్దరిలో ఒకరైనా అర్థశాస్త్రం చెప్పేవాళ్లయి ఉండాలి. తెలుగులో రాసినవాటిని, ఇంగ్లిష్‌లో రాసినవాటిని ఒకే కొలతతో చూడాలి. మొదటి పది మందిని ఐదేసి నిమిషాలు ప్రశ్నిస్తే, రాసింది ఎవరి బుర్రలోదో తెలిసిపోతుంది.

మీ పత్రికకు ఒక విన్నపం. విజేతల పేర్లు, ఫొటోలు ఎలాగూ వేస్తారు. ఈసారి మొదటి బహుమతి వ్యాసాన్ని, దాని పక్కన దిద్దినవాళ్ల వ్యాఖ్యను కూడా పూర్తిగా అచ్చు వేయండి.

– ఇద్దరు అర్థశాస్త్ర అధ్యాపకులు,
ఖమ్మం