బడి పుస్తకాలు కొనేముందు పిల్లలతో చదివించి చూడాలి

సంపాదకులకు,

ప్రాథమిక పాఠశాలలకు కథల పుస్తకాలు ఎంపిక చేసే అధికారులకు మీ పత్రిక ద్వారా ఒక విషయం విన్నవించుకుంటున్నాను. ప్రతి బడిలోనూ కథల పుస్తకాలతో కూడిన గ్రంథాలయం ఉండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం చెబుతోంది. బడుల కోసం కేంద్రం, రాష్ట్రాలు కలిసి నడిపే సమగ్ర శిక్ష పథకం కింద ప్రాథమిక పాఠశాల గ్రంథాలయానికి ఏటా 5,000 రూపాయల వరకు ఇచ్చే వీలుంది. ఈ కొద్ది మొత్తమైనా తగిన పుస్తకాల మీద ఖర్చు కావాలంటే, ఉపాధ్యాయులు చదివి వినిపించే పుస్తకం వేరు, పిల్లలు తమంతట తాము కూడబలుక్కుని చదువుకునే పుస్తకం వేరు అన్న సంగతి ఎంపిక చేసేవారు గుర్తించాలి.

చదివి వినిపించే పుస్తకంలో భాష ఎంత చిక్కగా ఉన్నా ఇబ్బంది లేదు. పొడుగు వాక్యాలూ, సామెతలూ, పిల్లలు అంతకుముందు వినని మాటలూ ఉంటేనే మేలు, ఎందుకంటే టీచరు గొంతు ఆ అర్థాన్ని మోసుకువస్తుంది. దానికి కావలసిందల్లా వెనక కూర్చున్న పిల్లలకు కూడా బొమ్మ కనిపించేంత పెద్ద సైజు. సొంతంగా చదువుకునే పుస్తకం సంగతి అలా కాదు. నేను ఒక బడిలో చూసిన పుస్తకం అట్ట మీద ‘1, 2 తరగతులకు’ అని ఉంది. లోపల పేజీ నిండా కిక్కిరిసిన వరుసలు, పై వరుసలోని ఒత్తు కింది వరుసలోని గుడికి తగులుతున్నంత ఇరుకుగా ఉన్నాయి. రెండో తరగతి పాప వేలు పెట్టి చదువుతూ ‘రాజ్యలక్ష్మి’ దగ్గర ఆగి, ‘క్ష్మి’ కింద వేలు అలాగే ఉంచి నా ముఖం చూసింది. గుణింతాలు అప్పుడప్పుడే పట్టుబడుతున్న ఆ పిల్లకు చేతికివ్వవలసింది పేజీకి ఒకటి రెండు చిన్న వాక్యాలు, పెద్ద అక్షరాలు, వరుసల మధ్య ఒత్తుకు చోటు, మాటకు తగిన బొమ్మ ఉన్న పుస్తకం. మూడో తరగతి ముగిసేసరికి పిల్లలందరూ అర్థం చేసుకుంటూ చదవగలగాలని 2021లో మొదలైన కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్ లక్ష్యంగా పెట్టుకుంది గనుక, ఇది చిన్న విషయమని తోసిపుచ్చడానికి వీల్లేదు.

మన చిత్తూరు, తిరుపతి జిల్లాలకు ఇంకో ప్రత్యేకత ఉంది. నగరి, సత్యవేడు ప్రాంతాల్లో ఇంట్లో తమిళం, కుప్పం వైపు తమిళం, కన్నడం, చాలా పట్టణాల్లో ఉర్దూ మాట్లాడే పిల్లలు మన తెలుగు తరగతుల్లో కూర్చుంటున్నారు. ఒకే కథ రెండు భాషల్లో దొరికితే వారికి ఎంతో ఊతం. పిల్లల పుస్తకాల ప్రచురణ సంస్థ ప్రథమ్ బుక్స్ వారు 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో చదివే స్థాయిని బట్టి విభజించిన కథలు ఈ భాషలన్నింటిలోనూ ఉచితంగా లభిస్తున్నాయి, వాటిని అచ్చు తీసుకునే అనుమతి కూడా ఉంది. నేషనల్ బుక్ ట్రస్ట్ పిల్లల పుస్తకాలు సరసమైన ధరకే దొరుకుతాయి. చెనక్కాయ చేలు, చెరకు గానుగలు, మామిడి తోటలు ఎరిగిన మన పిల్లలకు ఆ లోకం పుస్తకంలో కనబడాలని నేను గట్టిగా కోరుకుంటాను. అయితే సముద్రాన్నీ మంచు కొండల్నీ కూడా వారికి దూరం చేయకూడదు. నీతికథలే పుస్తకాలనుకునే అలవాటు మాత్రం తగ్గాలి. కథలంటే ఆసక్తి చూపని పిల్లలు సాలీడు గూడు గురించో, ట్రాక్టరు గురించో బొమ్మలతో చెప్పే పుస్తకాన్ని గంటసేపు వదలరు.

నా సూచన ఒక్కటే. కొనుగోలుకు ముందు నమూనా ప్రతులను విద్యాశాఖ మండల వనరుల కేంద్రాలకు పంపి, చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో ఒక గంట వాటికి కేటాయించాలి. సమావేశం జరిగే బడిలోని పిల్లల చేత రెండేసి పేజీలు చదివించి, ఎక్కడ ఆగారో, ఎక్కడ తామే పేజీ తిప్పారో ఉపాధ్యాయులు రాసిపెట్టాలి. ఏ పుస్తకం వినిపించడానికో, ఏది పిల్లల చేతికివ్వడానికో జాబితాలోనే వేరుగా చూపాలి. దీంతోపాటు, పిల్లల చేతుల్లో నలిగి చిరిగిన పుస్తకాన్ని స్టాక్ రిజిస్టరు నుంచి తొలగించే అధికారం ప్రధానోపాధ్యాయులకు స్పష్టంగా ఇవ్వాలి. లెక్క చెప్పాల్సి వస్తుందన్న భయంతో ఎన్నో మంచి పుస్తకాలు బీరువాల్లో తాళం వెనకే ఉండిపోతున్నాయి. వచ్చే విద్యా సంవత్సరం కొనుగోళ్లకు ముందే రెండు జిల్లాల విద్యాశాఖాధికారులు ఈ మేరకు ఉత్తర్వులు ఇవ్వాలని మనవి.

— ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయిని, చిత్తూరు