చోంగ్‌చింగ్ మెట్ల మీద కావడి

అమ్మలూ,

చైనాలోని చోంగ్‌చింగ్ చేరి మూడు రోజులైంది. ఇక్కడ ఎటు వెళ్లాలన్నా మెట్లే, మీ అమ్మకు మోకాళ్ల నొప్పులు మొదలయ్యాయి. నిన్న క్వెయ్‌షింగ్ భవనం దగ్గర మామూలు రోడ్డు పక్కన నిలబడ్డామనుకున్నాం. రెయిలింగ్ పట్టుకుని కిందకు చూస్తే గుండె ఝల్లుమంది. మేమున్నది 22వ అంతస్తు ఎత్తున! కింద ఇంకో వీధి, ఇంకో ట్రాఫిక్. లీజిబా అనే చోట మోనోరైలు ఏకంగా 19 అంతస్తుల అపార్ట్‌మెంట్‌లోకి దూరి బయటకొస్తుంది.

2020 లెక్కల ప్రకారం ఈ మున్సిపాలిటీ జనాభా 3.2 కోట్లు. ఊళ్లు, పొలాలు కూడా కలిపిన లెక్కే అనుకో, అయినా మన తెలంగాణ జనమంతటికీ దగ్గర దగ్గర సరిపోతుంది. జపాన్‌తో యుద్ధం జరిగినప్పుడు చైనాకు ఇదే రాజధాని. బాంబుల నుంచి తలదాచుకోవడానికి అప్పట్లో కొండల్లో తొలిచిన సొరంగాలు కొన్ని ఇప్పుడు హోటళ్లయ్యాయి. అలాంటి ఒకదాంట్లో హాట్‌పాట్ తిన్నాం, మరిగే కారం పులుసులో ముక్కలు ఉడికించుకుని తినడమన్నమాట. మన కారం వేరు, ఇది నాలుకను తిమ్మిరెక్కిస్తుంది.

అసలు నీకు చెప్పాలనుకున్నది వేరే. చావోథ్యన్‌మెన్ దగ్గర జ్యాలింగ్ నది వచ్చి యాంగ్‌ట్సీలో కలుస్తుంది. ఆ రేవు మెట్ల మీద ఓ పెద్దాయన వెదురు బద్దకు రెండు వైపులా మూటలు కట్టుకుని ఎక్కుతున్నాడు. ఇలాంటి కూలీలను ఇక్కడ బాంగ్‌బాంగ్ అంటారట, అంటే కర్ర అని. ఒకప్పుడు ఈ కొండల మీదికి సరుకంతా వీళ్ల భుజాల మీదే ఎక్కేది. లిఫ్టులు, రోడ్లు వచ్చాక బాగా తగ్గిపోయారు. ఆయన ఆగి బద్దను ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మార్చుకున్నాడు చూడు, అచ్చం మీ తాతయ్యే!

రాజమండ్రిలో తాతయ్య గోదావరి నీళ్లు కావడితో హోటళ్లకు మోసేవారు. ఆయన భుజం మీద కాయ కాచిన చోట నువ్వు చిన్నప్పుడు వేలితో నొక్కి, "నొప్పా తాతా?" అనేదానివి. నాకు నీళ్లు తిరిగాయి. ఎదురుగా అన్ని మేడలున్నా మెట్లెక్కుతున్న ఆ పెద్దాయన కనుమరుగయ్యేదాకా నా చూపు ఆయన మీదే. ఫోటో తియ్యడానికి మనసొప్పలేదు.

తాతయ్య కావడిబద్ద అటక మీద ఉంది కదా, ఓసారి దింపి చెదలు పట్టిందేమో చూడు తల్లీ. నేనొచ్చాక నూనె రాస్తాను.

మీ నాన్న