కౌన్సెలర్ బాధ్యతను అధ్యాపకులకే అంటగట్టవద్దు

సంపాదకులకు నమస్కారం.

విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతూ 2023లో మరణించిన పదిహేడేళ్ల విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న తీర్పు ఇస్తూ, వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా కౌమార వయస్కుల మానసిక ఆరోగ్యంలో శిక్షణ పొందిన కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో కనీసం ఒకరిని నియమించుకోవాలని ఆదేశించింది. మార్కులను బట్టి పిల్లలను సెక్షన్లుగా సాధ్యమైనంత వరకు విడదీయరాదని కూడా చెప్పింది. ఈ ఆదేశం కాగితాల మీద అమలై, తరగతి గదిలో అమలు కాకుండా పోతుందేమోనన్నది నా ఆందోళన. నాకు తెలిసిన ఒక రెసిడెన్షియల్ జూనియర్ కళాశాలలో కొత్తవారినెవరినీ తీసుకోలేదు. భౌతికశాస్త్రం చెప్పే అధ్యాపకుడి గది తలుపు మీద ఆయన పేరు కిందే 'స్టూడెంట్ కౌన్సెలర్' అని అతికించి ఊరుకున్నారు.

ఇది ఎందుకు పనికిరాదో చెప్పడానికి మన దేశంలోనే గట్టి ఆధారం ఉంది. బీహార్‌లోని నలందా జిల్లాలో 74 ఉన్నత పాఠశాలల్లో తొమ్మిదో తరగతి పిల్లలతో జరిపిన 'సెహర్' అధ్యయనం ఫలితాలు 2018లో లాన్సెట్ వైద్య పత్రికలో వెలువడ్డాయి. కొన్ని బడుల్లో ఇందుకోసమే నియమించిన, మానసిక వైద్య నిపుణులు కాని యువ కౌన్సెలర్లు, కొన్నింటిలో అక్కడి ఉపాధ్యాయులే ఒకే కార్యక్రమాన్ని నడిపారు. గోడపత్రిక, పిల్లలు తమ బాధను రాసి వేసే పెట్టె, విడిగా కూర్చోబెట్టి మాట్లాడటం వంటివి అందులో భాగం. కౌన్సెలర్లు ఉన్న బడుల్లో పిల్లల్లో కుంగుబాటు, తోటివారిని ఏడిపించడం, హింస తగ్గి, బడి వాతావరణం మెరుగుపడింది. ఉపాధ్యాయులు నడిపిన చోట చెప్పుకోదగ్గ మార్పేమీ కనబడలేదు. అది ఉపాధ్యాయుల తప్పని నేను అనను. పాఠాలు, పేపర్లు దిద్దడం, స్టడీ అవర్ల పర్యవేక్షణతోనే వారికి ఊపిరి సలపదు. అంతకన్నా ముఖ్యం, వారాంతపు పరీక్షలో మార్కులు తగ్గితే ఇంటికి ఫోన్ చేసి చెప్పే మనిషి దగ్గరే, నాకు నిద్ర పట్టడం లేదని, చదివింది తలకెక్కడం లేదని ఏ పిల్లవాడు నోరు విప్పుతాడు?

ఢిల్లీలోని ప్రభుత్వ పాఠశాలల్లో గోవాకు చెందిన సంగత్ సంస్థ చేసిన పరిశోధన మరో దారి చూపింది. మానసిక వైద్యంలో పట్టాలేమీ లేని పట్టభద్రులకు శిక్షణ ఇచ్చి, ఒక్కో విద్యార్థితో మూడు వారాల్లో నాలుగైదు సార్లు మాట్లాడించారు. సమస్య ఏమిటో తేల్చుకోవడం, దారులు వెతకడం, ఒకటి చేసి చూడటం, అంతే. ఇదే పద్ధతిని వివరించే చిన్న పుస్తకాలు మాత్రమే ఇచ్చినవారితో పోలిస్తే, తమను బాధిస్తున్నవని పిల్లలే చెప్పిన సమస్యల తీవ్రత వీరిలో తగ్గింది. ఆరు వారాల నాటికి మానసిక ఇబ్బందుల లక్షణాల కొలతలో మాత్రం తేడా రాలేదన్నదీ నిజమే. కౌన్సెలర్లు తరగతికి వెళ్లి తామెందుకున్నామో వివరించినప్పుడే సాయం కోరేవారి సంఖ్య పెరిగిందన్న విషయం, గదికి తాళం వేసి ఉంచే మన యాజమాన్యాలు గమనించాలి.

అందరినీ ఒకేసారి కూర్చోబెట్టి ప్రసంగాలు ఇప్పిస్తే చాలదని కూడా గ్రహించాలి. బ్రిటన్‌లో ఎనిమిది వేల మందికి పైగా విద్యార్థులకు ఉపాధ్యాయుల ద్వారా మైండ్‌ఫుల్‌నెస్ (మనసును ప్రస్తుత క్షణం మీద నిలిపే సాధన) నేర్పించి చూస్తే, మామూలు బోధన కన్నా మేలు జరగలేదని 2022లో తేలింది.

కనుక రెండు తెలుగు రాష్ట్రాల ఇంటర్మీడియట్ బోర్డులను నేను కోరేది ఇది. పాఠం చెప్పేవారిని, వార్డెన్లను కౌన్సెలర్ల లెక్కలో చూపితే ఒప్పుకోవద్దు. కౌన్సెలర్ విన్నది, ప్రాణాపాయం ఉంటే తప్ప, ప్రిన్సిపాల్ చెవిన పడకూడదని రాతపూర్వకంగా నియమం పెట్టాలి. ఎర్రగడ్డ, విశాఖపట్నం ప్రభుత్వ మానసిక వైద్యశాలల నిపుణులు ఈ కౌన్సెలర్ల పనిని క్రమం తప్పకుండా పర్యవేక్షించి, తీవ్రమైన కేసులను తామే చూడాలి. నలందా తరహాలో మన రెసిడెన్షియల్ కళాశాలల్లోనూ అధ్యయనం జరిపించి, ఫలితాలు ఎలా ఉన్నా ప్రజల ముందు పెట్టాలి.

మానసిక సాయం కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ 14416 ఫోన్ నంబరు 2022 అక్టోబరు నుంచి రాత్రింబవళ్లు పనిచేస్తోంది, తెలుగులోనూ మాట్లాడవచ్చు. కాని హాస్టల్ పిల్లల చేతిలో ఫోన్ ఉండదు. ఆదివారం వరుసలో నిలబడి, పక్కన వార్డెన్ వింటుండగా అమ్మతో రెండు నిమిషాలు మాట్లాడటమే వారికి దక్కేది. ప్రతి హాస్టల్‌లోనూ ఎవరూ వినని చోట, ఎవరి అనుమతీ అక్కర్లేకుండా ఈ నంబరుకు మాట్లాడే ఒక ఫోన్ పెట్టించడానికి పెద్దగా ఖర్చు కాదు. ఈ విద్యాసంవత్సరం ముగిసేలోగానే బోర్డులు ఆ ఉత్తర్వు ఇవ్వాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత జూనియర్ అధ్యాపకుడు,
తెనాలి