చిల్లీ చికెన్‌లో రంగెందుకు, కొలతలేవి?

సంపాదకుల వారికి,

నమస్కారం. పెరటాసి నెల ముగిశాక వచ్చిన మొదటి ఆదివారం మీ అనుబంధంలో చిల్లీ చికెన్, చికెన్ మంచూరియా ఇంట్లోనే చేసుకోండి అంటూ ఒక పేజీ నిండా అచ్చువేశారు. అదను చూసి వేశారు. మా చిత్తూరులో చాలా ఇళ్ళలో వెంకటేశ్వరస్వామి నెల అని పెరటాసి అంతా మాంసం ముట్టరు. నెల దాటగానే కోడి అంగళ్ళ ముందు జనం బారులు తీరతారు. ఆ రోజు మా పక్కనున్న కిరాణా అంగడికి మీ పేజీ మడిచి పట్టుకుని వచ్చిన వాళ్ళను చూశాను. సోయా సాస్, చిల్లీ సాస్, కార్న్‌ఫ్లోర్‌తో పాటు ఎర్ర రంగు డబ్బీ కూడా అడిగి తీసుకుపోయారు. మీరు రాశారు కాబట్టే అడిగారు. ఈ ఉత్తరం ముఖ్యంగా ఆ డబ్బీ గురించి.

నేను కొంగారెడ్డిపల్లెలో మందుల అంగడి నడుపుతున్నాను. ఫార్మసీ చదివినదాన్ని కనుక ఎంత వేయాలో చెప్పకుండా ఏదైనా కడుపులోకి పంపమంటే నాకు మనసొప్పదు. మీ వంటకంలో మాంసం అర కిలో అని తప్ప మరి దేనికీ కొలత లేదు. ‘నోరూరించే’, ‘ఘుమఘుమలాడే’ అన్న మాటలు ఆక్రమించిన చోట్లో అవసరమైన కొలతలన్నీ హాయిగా పట్టేవి. అది పోనీయండి. వంటకంలో ‘ఎర్ర రంగు చిటికెడు’ అని రాసి, దాని కిందనే గీతలు కట్టిన పెట్టెలో ‘ఆజినమోటో వాడకండి, అది విషం’ అని హెచ్చరించారు. భయపడవలసిన దాన్ని గిన్నెలో వేయించి, అంత భయం అక్కరలేని దాన్ని విషమన్నారు.

ముందు రంగు సంగతి. మన దేశంలో ఆహారంలో వాడుకోవడానికి అనుమతి ఉన్న కృత్రిమ రంగులు కొన్ని ఉన్నాయి, నిజమే. అవి కూడా ఐస్‌క్రీమ్, బిస్కెట్ల వంటి కొన్ని పదార్థాలకే, అదీ కిలోకు 100 మిల్లీగ్రాములు దాటకుండా. కోడిమాంసం వంటకాలు ఆ జాబితాలో లేవు. ఉన్నాయనే అనుకుందాం. అర కిలోకు 50 మిల్లీగ్రాములు వస్తుంది. జ్వరానికి ఇచ్చే పారాసిటమాల్ 500 మాత్రను పది ముక్కలు చేస్తే అందులో ఒక ముక్కంత. అంత చిన్న చిటికె ఎవరి వేళ్ళకూ చిక్కదు. 2024 మార్చిలో కర్ణాటక ప్రభుత్వం గోబీ మంచూరియాలోనూ పీచుమిఠాయిలోనూ కృత్రిమ రంగులు కలపడాన్ని నిషేధించింది. నమూనాలు పరీక్షిస్తే బట్టలకు అద్దే రోడమిన్-బి కూడా బయటపడింది. అదే ఏడాది జూన్‌లో కబాబులకూ ఆ నిషేధం వర్తింపజేశారు. పలమనేరు దాటి కాస్త పోతే కర్ణాటక వచ్చేస్తుంది. అక్కడ బండి మీద అమ్మేవాడు వేస్తే నేరమైన పని, ఇక్కడ తల్లి తన పిల్లలకు చేసి పెట్టాలని మీ పత్రిక చెప్పడం ఏమి న్యాయం?

ఎరుపు కావాలనుకునే వాళ్ళకు బ్యాడగి మిరపకాయలున్నాయి. కారం తక్కువ, రంగు ఎక్కువ. అర కిలో మాంసానికి ఎనిమిది కాయలు గింజలు దులిపి, వేడినీళ్ళలో అరగంట నానబెట్టి, నాలుగు వెల్లుల్లి రెబ్బలతో మెత్తగా రుబ్బాలి. ఆ ముద్దను నూనెలో సన్నటి సెగమీద, నూనె అంచుల్లో తేలేదాకా వేయించాలి. పచ్చివాసన పోకముందే సాస్‌లు పోస్తే అంతా పాడవుతుంది. వచ్చే రంగు హోటలు రంగంత మెరవదు, ఇటుక రంగులో ఉంటుంది. మా అమ్మాయి మొదట్లో పెదవి విరిచింది, ఇప్పుడు ఆ ఊసే ఎత్తదు.

ఇక ఆజినమోటో. ఆ పేరు ఒక జపాను కంపెనీది. లోపలున్నది మోనోసోడియం గ్లూటమేట్. 1908లో టోక్యోలో కికునే ఇకెడా అనే ఆచార్యుడు, కొంబు అనే సముద్రపు నాచు వేసి కాచిన చారుకు ఆ కమ్మదనం ఎక్కడినుంచి వస్తున్నదో వెతికి, దాని మూలం గ్లూటమేట్ అని తేల్చాడు. మరుసటి ఏడాదికే అది పొడిగా అమ్మకానికి వచ్చింది. అదే గ్లూటమేట్ మన మదనపల్లె టమాటాల్లో ఉంది, సోయా సాస్‌లో ఉంది, తల్లిపాలలో కూడా ఉంది. మరి విషమన్న పేరెలా వచ్చింది? సంపాదకులైన మీకు ఇది నచ్చుతుంది. ఒక సంపాదకుడికి రాసిన ఉత్తరం వల్ల వచ్చింది. 1968లో రాబర్ట్ హో మాన్ క్వాక్ అనే వైద్యుడు న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌కు ఒక లేఖ రాశాడు. అమెరికాలో చైనా హోటళ్ళలో తిన్నప్పుడల్లా మెడ వెనుక తిమ్మిరి, నీరసం, గుండెదడ కలుగుతున్నాయని, కారణం సోయా సాసో, వంటలో పోసే మద్యమో, ఉప్పో, ఈ పొడో తేల్చాలని అడిగాడు. ఆయన అడిగింది ప్రశ్న. జనం మాత్రం పొడిని దోషిగా నిలబెట్టి మిగతావాటిని వదిలేశారు. తర్వాత, తింటున్నది ఏదో తినేవాళ్ళకు తెలియకుండా ఇచ్చి చేసిన పరీక్షల్లో ఆ లక్షణాలు నిలకడగా కనబడలేదు. అయినా మా వంటింట్లో ఆ పొడి ఉండదు. సోయా సాస్ పోశాక దాని అవసరమే రాదు, అంతే.

మీరు పెట్టె కట్టి హెచ్చరించవలసింది ఉప్పు గురించి. 15 మిల్లీలీటర్ల సోయా సాస్‌లో రెండు గ్రాములకు పైగా ఉప్పు ఉంటుంది. పెద్దవాళ్ళు రోజు మొత్తం మీద ఐదు గ్రాముల లోపే తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. చిల్లీ సాస్‌లో ఉప్పుంది, టమాటా సాస్‌లో ఉప్పుంది. మీరు మూడూ పోయించి, ఆఖర్న రుచికి సరిపడా ఉప్పు వేయమన్నారు. మా అత్తయ్య రక్తపోటుకు రోజూ మాత్ర వేసుకుంటారు, చిల్లీ చికెన్ అంటే ప్రాణం. ఆవిడ కోసమే నేను దగ్గు మందు సీసాతో వచ్చే కొలత మూతను కడిగి వంటింట్లో పెట్టుకున్నాను. దాని మీద 5, 10 అని గీతలుంటాయి. సాస్‌లు దానితోనే పోస్తాను. మీ పాఠకుల ఇళ్ళలో అలాంటి మూతలు ఎన్ని పడి ఉంటాయో నాకు తెలుసు, అమ్మేదాన్ని నేనే కదా.

ఇంటి చైనా వంట హోటలు వంటలా రాకపోవడానికి మీరు చెప్పిన కారణం ‘సీక్రెట్ మసాలాలు’. కానే కాదు. కారణాలు రెండే: ముక్కకు అంటుకున్న నీళ్ళు, చాలని మంట.

మాంసం తొడ భాగం తీసుకోవాలి. ఎముక తీసి, అంగుళం ముక్కలు కోసి ఇమ్మంటే కోడి అంగడిలో ఇస్తారు. కాస్త విసుక్కుంటారు, ఇస్తారు. రొమ్ము మాంసం కొంచెం ఎక్కువ వేగితే చాలు, పీచుపీచుగా అయిపోతుంది. నాటుకోడి ఈ వంటకు పనికిరాదు. అది నిదానంగా ఉడికి పులుసై రాగిసంగటి పక్కకు రావలసిన మాంసం. నాలుగు నిమిషాల్లో వేగి దిగే వంటలో నమలలేం. కడగడం విషయంలో కూడా ఒక మాట. మాంసాన్ని కొళాయి ధార కింద పెట్టి కడిగితే చిందే తుంపరలతో పాటు క్రిములు పక్కనున్న గిన్నెలకు, కూరగాయలకు పాకుతాయి. క్రిములను చంపేది నీళ్ళు కాదు, వేడి. కడగకుండా ఉండలేమనే వాళ్ళు వెడల్పాటి గిన్నెలో ముంచి తీయండి. తర్వాత చిల్లుల గిన్నెలో వడేసి, ఉతికిన నూలుగుడ్డతో ముక్కముక్కా అద్దాలి. ఆ గుడ్డను ఆనక మరిగే నీళ్ళలో వేయండి.

తడి ఎందుకు పోవాలంటే, నీళ్ళున్నంతసేపు ముక్క ఉపరితలం 100 డిగ్రీలు దాటదు. వేగాల్సిన ముక్క ఉడుకుతుంది. పిండి జిగురై బాణలికి అతుక్కుంటుంది. తుడిచిన ముక్కలకు ఒక గుడ్డు తెల్లసొన, రెండు చెంచాల కార్న్‌ఫ్లోర్, 5 మిల్లీలీటర్ల సోయా సాస్, అర చెంచా మిరియాల పొడి, చెంచా నూనె పట్టించి అరగంట ఉంచాలి. చెంచా అంటే 5 మిల్లీలీటర్ల చెంచా. చైనా వంటవాళ్ళు తెల్లసొన, పిండి కలిపి ఇలా పలుచటి పూత వేస్తారు. ముక్క లోపలి రసం పోకుండా మెత్తగా ఉంటుంది. మీరు రాసినట్టు అర కప్పు మైదా జారుగా కలిపి ముంచితే అది బజ్జీ అవుతుంది.

హోటలు పొయ్యి మంట బాణలి అంచు దాటి లేస్తుంది. మన గ్యాసు పొయ్యికి ఆ శక్తి లేదు. కనుక ముక్కలు తగ్గించాలి. అర కిలోను కనీసం రెండు వాయిలుగా వేయించాలి. ఒక్కసారే కుమ్మరిస్తే నూనె చల్లబడిపోయి, మాంసంలోంచి నీరు ఊరి, బాణలిలో చెరువు కడుతుంది. ఇది మా ఆయనకు చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది. ఇనుప బాణలి మంచిది. నాన్‌స్టిక్ గిన్నెను ఖాళీగా అంత మంట మీద కాల్చకూడదు.

సాస్ పొయ్యి ముందు నిలబడి సీసాలు వెతుక్కుంటూ కలిపేది కాదు. ముందే ఒక గిన్నెలో 15 మిల్లీలీటర్ల సోయా సాస్, 5 మిల్లీలీటర్ల వినెగర్, అర చెంచా బెల్లం తురుము, చెంచా కార్న్‌ఫ్లోర్, 60 మిల్లీలీటర్ల చన్నీళ్ళు కలిపి పెట్టుకోవాలి. ఉప్పు లేదు, గమనించండి. చన్నీళ్ళే ఎందుకంటే, 70 డిగ్రీల దగ్గర ఆ పిండి ఉబ్బి చిక్కబడటం మొదలవుతుంది. వేడినీళ్ళలో వేస్తే పైన చిక్కబడి లోపల పొడి మిగిలి ఉండలు కడుతుంది. మీరు ‘ఉడుకుతున్న గ్రేవీలో కార్న్‌ఫ్లోర్ చల్లండి’ అని రాశారు. అలా చల్లిన వాళ్ళు ఆ ఆదివారం ఏమి తిన్నారో వాళ్ళకే తెలియాలి.

ఆపైన పని చకచకా సాగాలి. కాగిన నూనెలో సన్నగా తరిగిన వెల్లుల్లి, అల్లం (రుబ్బినది అడుగంటుతుంది), పచ్చిమిర్చి, ఆ వెంటనే మిరపముద్ద, అది వేగాక మంట పెంచి పెద్ద రేకులుగా విప్పిన ఉల్లిపాయ, కాప్సికం. ఒక్క నిమిషం. గిన్నెలో సాస్ మరోసారి కలియబెట్టి పోయాలి. బుడగలొచ్చి నిగనిగలాడగానే వేయించిన ముక్కలు వేసి, రెండుసార్లు ఎగరేసి, ఉల్లికాడలు చల్లి దించేయడమే.

మంచూరియా గురించి మీరు ‘మంచూరియా ప్రాంతపు సంప్రదాయ వంటకం’ అన్నారు. కలకత్తాలో పుట్టి ముంబైలో హోటలు పెట్టిన నెల్సన్ వాంగ్ 1975లో అక్కడి క్రికెట్ క్లబ్బులో కోడి ముక్కలకు మన అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి వేసి, గరం మసాలా మాని సోయా సాస్ పోసి తయారుచేసిన వంటకంగా అది పేరుకెక్కింది. మన దేశపు పిల్లే. దానిలో కొత్తిమీర వేయాలా వద్దా అని ఎవరూ చైనా వైపు చూడనక్కరలేదు.

అచ్చంగా చైనాదే ఒకటి వేయాలని ఉంటే కుంగ్ పావ్ చికెన్ వేయండి. పందొమ్మిదో శతాబ్దంలో సిచువాన్‌ను పాలించిన డింగ్ బావోజెన్ బిరుదు మీద ఆ పేరు వచ్చింది. అందులో ముఖ్యమైనవి ఎండుమిరపకాయలు, వేయించిన శెనక్కాయ పప్పులు. రెండూ అమెరికా ఖండం నుంచి చైనాకు వెళ్ళినవే, మనకూ వచ్చినవే. చిత్తూరు జిల్లా వాళ్ళకు శెనక్కాయల గురించి ఒకరు చెప్పాలా? నాలుకను జివ్వుమనిపించే సిచువాన్ మిరియాలు మా ఊళ్ళో దొరకవు. మామూలు మిరియాలతో ఆ జివ్వు రాదు, కారం వస్తుంది, దానితో సరిపెట్టుకుంటున్నాం. అక్కడి నల్ల వినెగర్‌కు బదులు మామూలు వినెగర్‌లో మా చిత్తూరు మండీ బెల్లం కరిగిస్తే సగం దూరం వెళ్ళినట్టే. పప్పులు మాత్రం పొయ్యి ఆర్పాకే కలపాలి, లేకపోతే సాస్ పీల్చుకుని మెత్తబడతాయి.

నేను కోరేది రెండు. ‘ఎర్ర రంగు చిటికెడు’ అన్నది తీసేయమని వచ్చే ఆదివారం అదే పేజీలో, అదే సైజు అక్షరాల్లో సవరణ వేయండి. ఇకముందు మీ వంటలన్నిటికీ గ్రాముల్లో, మిల్లీలీటర్లలో కొలతలు ఇవ్వండి. కుంగ్ పావ్ వేస్తామంటే కొలతలన్నీ రాసి నేనే పంపుతాను. ఫొటోలో ఎర్రగా కనబడటం లేదని మీ వాళ్ళు రంగు కలపకుండా ఉంటే పారితోషికం కూడా అడగను.

ఇట్లు,
మందుల అంగడి నడిపే మీ పాఠకురాలు,
కొంగారెడ్డిపల్లె, చిత్తూరు