పౌడర్ కొనే ముందు ఇది చదువు, బిడ్డా

బిడ్డా,

నువ్వు అడిగిన మూడు వేలు పొద్దున్నే ఫోన్‌పే చేశాను. ప్రొటీన్ పౌడర్ కొనుక్కోవద్దని నేను అనను. కానీ నీకు ముందు కావాల్సింది నిద్ర, అందుకే కొనే ముందు ఈ ఉత్తరం చివరిదాకా చదువు. ఫోన్‌లో చెబితే "సరే అమ్మా, సరే" అని పెట్టేస్తావు, అందుకే కూర్చుని రాస్తున్నా.

పోయిన వారం నీ హాస్టల్లో రెండు రాత్రులు ఉన్నాను కదా. నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడు బల్ల మీద నీ పోలీసు సెలెక్షన్ గ్రౌండ్ నోట్‌బుక్ తెరిచి ఉంటే చూశాను. 800 మీటర్ల టైమింగులు తేదీలవారీగా నీలం పెన్నుతో రాసుకున్నావు. నెల మొదట్లో 5 నిమిషాల 2 సెకన్లు. తర్వాత 4:55. ఆ తర్వాత 5:06, 5:11, 5:14. షాట్‌పుట్ ఆరు వారాలుగా ఒక్కచోటే ఆగింది. పేజీ అంచున "ఇంకా కష్టపడాలి" అని రాసి కింద రెండు గీతలు గీశావు. పెన్ను అదిమిన అదుముకి ఆ గీతలు కాగితం అవతలి వైపుకి దిగాయి. అది చూసినప్పటి నుంచి నా మనసు మనసులో లేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టక నిన్నే చూస్తూ పడుకున్నా. నువ్వు పాలిటీ పుస్తకం మూసేసరికి ఒంటిగంట. ఫోన్ పక్కన పెట్టేసరికి ఒంటిగంటా నలభై. నాలుగుంబావుకి అలారం. లేచి గ్రౌండ్‌కి బయల్దేరి మెట్లు దిగేటప్పుడు తొడలు పట్టేసి, గోడ పట్టుకుని, పక్కకి తిరిగి ఒక్కో మెట్టూ దిగావు. నువ్వు కష్టపడటం లేదని ఎవరంటారు బిడ్డా? చాలినంత కష్టపడుతున్నావు. ఆ కష్టం ఒంటికి పట్టే సమయమే ఇవ్వడం లేదు.

సాయంత్రం జిమ్‌లో బరువులెత్తేటప్పుడు కండకి పని పడిందని తెలుస్తుంది, అంతే. కండలో కొత్త ప్రొటీన్ కట్టుకోవడం ఆ తర్వాత ఒక రోజు, ఒక్కోసారి రెండు రోజులు సాగుతుంది. మధ్యలో వచ్చే రాత్రి కూడా ఆ పనిలోదే. ఆస్ట్రేలియాలో చేసిన ఒక పరిశోధన 2021లో వచ్చింది. వయసులో ఉన్న 13 మందిని, ఆడా మగా కలిపి, ఒక రాత్రంతా మేలుకోబెట్టి చూశారు. మామూలుగా నిద్రపోనిచ్చినప్పుడు పెట్టిన తిండే అప్పుడూ పెట్టారు. ఆ ఒక్క రాత్రికే మర్నాడు కండలో ప్రొటీన్ తయారయ్యే వేగం 18 శాతం తగ్గింది. కండని కరిగించే వైపు లాగే కార్టిసాల్ అనే హార్మోన్ 21 శాతం పెరిగింది. కట్టే వైపు లాగే టెస్టోస్టిరాన్ అనే హార్మోన్ 24 శాతం పడిపోయింది. అది మగవాళ్ళదే అనుకోకు, తక్కువైనా మనకీ ఉంటుంది. నువ్వు రాత్రంతా మేలుకోవడం లేదు, నిజమే. కానీ నీది ఒక్క రాత్రితో పోయేది కూడా కాదు, నెలల తరబడి నడుస్తోంది. అలాంటి ఒంట్లో డబ్బా పౌడర్ పోసినా, మన పప్పూ గుడ్డూ పెరుగూ పెట్టినా పట్టాల్సినంత పట్టదు.

రాత్రి అన్నం మానేశానని, బరువు తగ్గితే పరుగు తేలికవుతుందని అన్నావు. దాని గురించీ ఒక మాట. చికాగోలో లావుగా ఉన్న పదిమందికి తిండి తగ్గించి, రెండు వారాలు ఎనిమిదిన్నర గంటలు, ఇంకో రెండు వారాలు ఐదున్నర గంటలు పడుకోనిచ్చారు. 2010లో వచ్చిందది. బరువు రెండుసార్లూ ఇంచుమించు ఒకేలా, మూడు కిలోల దాకా తగ్గింది. ఎనిమిదిన్నర గంటలప్పుడు అందులో కొవ్వు 1.4 కిలోలు. ఐదున్నర గంటలప్పుడు 0.6 కిలోలే, మిగిలినదంతా కండలాంటి పనికొచ్చే ఒళ్ళు. నీకసలు కరిగించుకోవడానికి కొవ్వెక్కడుంది? గుండు విసరాల్సిన భుజం కరుగుతుంది. రాత్రి అన్నం తిను.

"పదికీ రెండింటికీ మధ్యే గ్రోత్ హార్మోన్ వస్తుంది, ఆ టైం దాటితే నిద్ర దండగ" అని జిమ్‌లో చెప్పారన్నావు. అందులో సగమే నిజం. మొదట పట్టే గాఢనిద్రలో అది బాగా ఊరుతుంది, గడియారంలో పది కొట్టిందని ఊరదు. అదొక్కటే కండ కట్టదు కూడా. ఒకరోజు పదకొండైందని టెన్షన్ పడి దొర్లకు, అప్పుడు ఉన్న నిద్రా పోతుంది.

నా సంగతి నీకు పూర్తిగా ఎప్పుడూ చెప్పలేదు. నీకు ఐదేళ్ళప్పుడు నేను పనిచేసిన ఆసుపత్రిలో వరసగా నైట్ డ్యూటీలు వేసేవాళ్ళు. పొద్దున ఇంటికొచ్చి వంట, నిన్ను బడికి పంపడం, తమ్ముడు చంటివాడు. మూడు గంటలు పడుకుంటే గొప్ప. ఒక రాత్రి బెడ్ మీద పెద్దాయన్ని పక్కకి తిప్పుతుంటే నడుం కలుక్కుమంది. మూడు వారాలు మాత్రలు వేసుకున్నా, మీ బాపు రోజూ కాపడం పెట్టాడు, తగ్గలేదు. బతుకమ్మ పండక్కి అమ్మమ్మ ఇంటికి వెళ్తే అమ్మమ్మ మిమ్మల్నిద్దరినీ తన దగ్గర పడుకోబెట్టుకుని నన్ను లోపలి గదిలోకి తోసింది. నాలుగు రోజులు తొమ్మిదేసి గంటలు నిద్రపోయా. మాత్రలు అవే. ఐదో రోజు వంగి ముగ్గు వేశాను.

నిద్ర పెంచితే పరుగు పెరుగుతుందా అంటావేమో. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో 11 మంది బాస్కెట్‌బాల్ ఆడే పిల్లల్ని ఐదు నుంచి ఏడు వారాలు రోజూ పది గంటలు మంచం మీద ఉండమన్నారు. వాళ్ళ స్ప్రింట్ 16.2 సెకన్ల నుంచి 15.5కి వచ్చింది. పోల్చి చూడటానికి ఇంకో జట్టు లేదు కాబట్టి అదంతా నిద్ర వల్లేనని ఒట్టేసి చెప్పలేం. అయినా నేను దాన్ని తీసిపారెయ్యను.

నీకు పది గంటలు కుదరవని తెలుసు. తొమ్మిదిన్నరకి లైటు ఆపు, ఐదింటికి లే. గ్రౌండ్ నుంచి వచ్చి టిఫిన్ తిన్నాక పాలిటీ చదువు, ఇప్పుడు అర్ధరాత్రి చదివి మర్చిపోతున్నదే అప్పుడు గుర్తుంటుంది. మధ్యాహ్నం అరగంట కునుకు తీయి. మధ్యాహ్నం దాటాక కాఫీ వద్దు. పడుకోవడానికి ఆరు గంటల ముందు 400 మిల్లీగ్రాముల కెఫీన్, అంటే నాలుగు కప్పుల కాఫీ లెక్క, ఇచ్చి చూస్తే నిద్ర గంటకి పైగా తగ్గిందట. నువ్వు రాత్రి తొమ్మిదింటికి స్టీలు గ్లాసు నిండా తాగుతున్నావు. నిద్ర సరిగా పట్టని రోజు బరువులెత్తకు, నడిచి వచ్చెయ్. మోకాలి కింద ఎముక నొప్పి రెండు వారాలు నిద్రపోయినా తగ్గకపోతే డాక్టరుకి చూపించాలి, అది నాతో దాచకు.

మీ గది కిటికీలోంచి వీధిలైటు సరిగ్గా నీ మొహం మీద పడుతోంది. నా పాత నల్ల చీర మడతేసి కర్టెన్ కుట్టాను, రెండు చివర్లా తాడు పెట్టాను, మేకు కొట్టక్కర్లేదు, ఊచలకి కట్టెయ్. నీ రూమ్మేట్ రాత్రిళ్ళు లైటు వేసుకుని చదువుకుంటుందిగా, పాపం ఆమెని ఆపమనకు. కళ్ళకి కట్టుకోవడానికి అదే గుడ్డతో పట్టీ కూడా కుట్టాను. పల్లీ ముద్దలు, కర్టెన్, పట్టీ అన్నీ ఒక సంచిలో పెట్టి శనివారం బాపు పొద్దుటి బస్సులో తెస్తాడు. ఇకనుంచి నేను ఫోన్ తొమ్మిదిలోపే చేస్తా.

మీ అమ్మ