నడుము ఎం.ఆర్.ఐ. రిపోర్టులకు మీ యాప్ ఇస్తున్న తెలుగు వివరణపై ఫిర్యాదు

మేనేజర్ గారికి,

నమస్కారం. మేము వెన్ను సమస్యలున్నవారితో రోజూ పనిచేసే ఫిజియోథెరపిస్టులం. స్కాన్ రిపోర్టులను తెలుగులో వివరించే మీ యాప్ నడుము భాగానికి వాడుతున్న కొన్ని మాటలు జనానికి హాని చేసేలా ఉన్నాయి. వాటిని వెంటనే మార్చాలి.

రిపోర్టులో ‘ఎల్4–ఎల్5 డిస్క్ బల్జ్ ఇండెంటింగ్ థీకల్ శాక్’ (ఎల్ అంటే నడుము పూస, డిస్క్ అంటే పూసల మధ్య ఉండే మెత్తటి దిండు) అని ఉంటే మీ యాప్ ‘డిస్క్ జారి వెన్నుపాము నొక్కుకుపోయింది’ అంటోంది. పెద్దవాళ్లలో వెన్నుపాము సాధారణంగా ఎల్1, ఎల్2 పూసల దగ్గరే ముగుస్తుంది. ఎల్4 దగ్గర నొక్కుకోవడానికి వెన్నుపామే లేదు. అక్కడ ఉన్నది నరాల కట్ట, దాని చుట్టూ ద్రవం నిండిన పొర సంచి. ఆ సంచికి నొక్కు పడిందన్నదే రిపోర్టు మాట. ‘వెన్నుపాము’ అని చదివినవాళ్లకు మొదట గుర్తొచ్చేది పక్షవాతం.

‘జారింది’ కూడా తప్పే. డిస్క్ అంచు చుట్టుకొలతలో పావు వంతుకు మించి ఉబ్బితే బల్జ్. అంతకన్నా తక్కువ మేర పొడుచుకొస్తే ప్రొట్రూజన్. బయటికొచ్చిన భాగం, డిస్క్‌కు అంటుకున్న దాని మొదలు కన్నా వెడల్పైతే ఎక్స్‌ట్రూజన్, ముక్క తెగి విడిపడితే సీక్వెస్ట్రేషన్. బల్జ్ ఏ నొప్పీ లేనివాళ్ల స్కాన్లలోనూ మామూలుగా కనిపిస్తుంది. దానికి ‘ఉబ్బు’ అన్న మాట చాలు.

‘లాస్ ఆఫ్ లంబార్ లార్డోసిస్’కు మీరిచ్చిన ‘గూని తగ్గింది’ అర్థాన్నే తిరగేసింది. లార్డోసిస్ అంటే నడుము దగ్గర ముందుకు ఉండాల్సిన సహజమైన వంపు. గూని వీపు పైభాగానిది, దాని పేరు కైఫోసిస్. చదివినవాళ్లు మంచి కబురనుకుంటున్నారు. ‘నడుము సహజ వంపు తగ్గింది’ అని రాసి, కండరాలు బిగుసుకున్నా, మోకాళ్లు ఎత్తి పడుకోబెట్టి స్కాన్ తీసినా అలా కనిపించవచ్చని చేర్చండి.

స్పాండిలోసిస్, స్పాండిలోలైసిస్, స్పాండిలోలిస్థీసిస్ మూడింటికీ ‘పూసల అరుగుదల’ అనే వేశారు. అరుగుదల మొదటిదే. రెండోది పూస వెనక భాగంలోని సన్నని ఎముక వంతెనలో చీలిక. మూడోది ఒక పూస కింది పూస మీద ముందుకు జరగడం. ఆ జరుగుడు కింది పూస ముందు–వెనక కొలతలో 25 శాతం లోపైతే గ్రేడ్ 1, 25 నుంచి 50 శాతమైతే గ్రేడ్ 2. ‘జారింది’ అన్న మాట నిజానికి ఇక్కడ నప్పుతుంది!

అన్నిటికన్నా మమ్మల్ని కలవరపెడుతున్నది ‘కాడా ఈక్వైనా’, అంటే వెన్నుపాము ముగిసిన చోటు నుంచి కిందికి సాగే, పైన చెప్పిన నరాల కట్ట. దాన్ని ‘గుర్రపు తోక’ అని మక్కికి మక్కి దించి వదిలేశారు. ఆ నరాల కట్ట తీవ్రంగా నొక్కుకుంటే మూత్రం ఆగిపోవచ్చు లేదా అదుపు తప్పవచ్చు. మలద్వారం చుట్టూ, తొడల లోపలివైపు మొద్దుబారవచ్చు, రెండు కాళ్లూ బలహీనపడవచ్చు. అలాంటప్పుడు గంటలు కూడా లెక్కే. ఈ లక్షణాలు, ‘వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి’ అన్న హెచ్చరిక ఆ పదం పక్కనే కనిపించాలి.

సవరించేదాకా నడుము రిపోర్టుల వివరణ ఆపేయండి. తిరిగి మొదలుపెట్టాక ప్రతి తెలుగు మాట పక్కన రిపోర్టులోని అసలు పదమూ చూపించండి. ఇప్పటికే ఈ వివరణలు అందుకున్నవారందరికీ సవరణ పంపి, ఏమేం మార్చారో మాకు రాతపూర్వకంగా తెలియజేయండి.

ఇట్లు,
ఫిజియోథెరపిస్టుల బృందం